ఎడమవైపు కుర్చీ

సెప్టెంబరు 5, శుక్రవారం

ఈ పుస్తకం పత్తి మిల్లువాళ్ళు ఊరికే పంచింది. అట్ట మీద ట్రాక్టరు బొమ్మ ఉంది. వంటలు రాసుకుందామని తెచ్చుకున్నాను. వంటలు ఎలాగూ గుర్తుంటాయి.

ఇవాళ మొదటిసారి స్కూలు ఫుట్‌బాల్ టీము ఆటని ఫిల్ము తీశాను. పోయినేడు తీసిన పిల్లవాడు చదువైపోయి వెళ్ళిపోయాడు. మా ఆయన కోల్బీ ఆ టీముకి కోచ్. నన్ను నిచ్చెన ఎక్కించి, మైకులో చెప్పేవాళ్ళ గది పైకప్పు మీద నిలబెట్టాడు. "పైన నిన్ను పలకరించేవాడు ఒక్కడుండడు. నీకది స్వర్గం," అన్నాడు. నిజమే. ఊరంతా కింద ఉంది. ఎవరూ నా వైపు చూడలేదు.

మనవాళ్ళు గెలిచారు. ఇంటికొచ్చాక కోల్బీ ఫిల్ము చూసి తల పట్టుకున్నాడు. "ఈల వెయ్యగానే కెమెరా ఆపాలి పిల్లా! ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య వీళ్ళు నీళ్ళు తాగడం, ముక్కులు తుడుచుకోవడం ఎవడు చూస్తాడు?"

మరిచిపోయానన్నాను.

సెప్టెంబరు 12

ఈసారీ ఆపడం మరిచిపోయాను.

సెప్టెంబరు 20, శనివారం

నిజం రాస్తే, మరిచిపోవడం లేదు. నాకు ఆటకంటే ఆ మధ్యలో ఉన్నదే ఇష్టం. బంతి నడుస్తున్నప్పుడు అందరూ ఒకేలా ఉంటారు, హెల్మెట్లు, గుద్దుకోవడం. ఈల పడ్డాకే ఎవరు ఎవరో తెలుస్తుంది.

కోల్బీ ఇవాళ మధ్యలో ముక్కలు ఎలా కత్తిరించాలో కంప్యూటరు మీద నేర్పాడు. నేను ఆరో తరగతితో బడి మానేశాను. పాతకాలపు పద్ధతులు విడవని క్రైస్తవులం, మా మెనోనైటు వాళ్ళలో ఆడపిల్లకి అంతే చాలనుకుంటారు. అయినా ఇది తేలికే, కుట్టు విప్పి మళ్ళీ కుట్టినట్టు.

కత్తిరిస్తుంటే కోల్బీ వెనక నిలబడి రైలన్ గురించి చెప్పాడు. రైలన్ ఒచోవా మన క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరేవాడు. వాడి మీద ఒక పెద్ద కాలేజీ కన్నేసింది. "ఆ చెయ్యి సరే, చేతులు చాలామందికుంటాయి. తల చూడు, తల! మిగతా పిల్లలు ఎవడికి విసరబోతున్నారో వాడినే గుడ్లప్పగించి చూస్తారు. అవతలివాడికి దొరికిపోతారు. వీడు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మెడ తిప్పి వెతుకుతాడు. పదిహేడేళ్ళకి ఇలా చూసేవాణ్ణి ఇరవై ఏళ్ళలో చూళ్ళేదన్నాడు జెంట్రీ."

జెంట్రీ ఆ కాలేజీ తరఫున పిల్లల్ని ఎంచే ముసలి కోచ్. రైలన్ డిసెంబరులో వాళ్ళకి ఆడతానని కాగితం మీద సంతకం పెడితే కోల్బీకి కూడా అక్కడ ఉద్యోగం ఇస్తారట. అందరికీ తెలిసిన పద్ధతే, పిల్లవాడితో పాటు వాడి కోచ్‌నీ తీసుకెళ్తారు.

"పెద్ద ఊరు, నేతా. గిన్నెలు కడిగే మిషనున్న ఇల్లు," అన్నాడు.

బాగుంటుందన్నాను.

అక్టోబరు 4, శనివారం

రైలన్ నీళ్ళ సీసా అందుకోలేకపోయాడు. సీసా ఎడమవైపు నుంచి చాపారు. చెయ్యి గాలిలో మూసుకుంది. పక్కనున్న చుయ్ అది తీసుకుని వాడి కుడిచేతిలో పెట్టాడు. చుయ్ బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించేవాడు, గుండ్రంగా బస్తాలా ఉంటాడు.

వెనక్కి తిప్పి పాత ఫిల్ములు చూశాను. ఇలా మూడుసార్లు ఉంది. ఈల పడ్డాక చుయ్ ప్రతిసారీ వచ్చి రైలన్‌కి ఎడమవైపే నిలబడతాడు. ఒక్కసారి కూడా కుడివైపు లేడు.

మా అమ్మ ఎప్పుడూ నాన్నకి ఎడమవైపే కూర్చునేది.

అక్టోబరు 5, ఆదివారం

చర్చి అయ్యాక అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. కోల్బీ రాలేదు. వాళ్ళ మాట తనకి రాదు, తన మాట వాళ్ళకి నచ్చదు. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. అడుగుల చప్పుడు విని "నేతా, నువ్వేనా బిడ్డా, మడమ ఈడుస్తున్నావు" అన్నాడు.

ఎవరి పేరూ చెప్పకుండా ఒక పిల్లవాడి గురించి అడిగాను.

"తల ఎంతదాకా తిప్పుతాడు?"

"గడ్డం భుజానికి తగిలేదాకా."

"కోడిలాగా?"

"ఆఁ."

"గ్లాసులో నీళ్ళు పోసుకోవడం చూశావా? సీసా మూతి గ్లాసు అంచుకి ఆనించి పోస్తాడా?"

ఎప్పుడూ చూడలేదన్నాను.

"చూడు. ఆనిస్తే ఆ కన్ను పూర్తిగా పోయినట్టే." నా వైపు చెవి తిప్పి, "పనిచేస్తాడా?" అన్నాడు.

"బంతి విసురుతాడు. గురి తప్పడు."

"తప్పడు. మనసే దూరాన్ని కొలుచుకోవడం నేర్చుకుంటుంది. గడ్డి మోపుల తీగ తగిలి నా కన్ను పోయాక, ఒంటికన్నుతో పదేళ్ళు మేకులు కొట్టాను నేను. ఒక్కటి వంకరపోలేదు. మీ అమ్మ అద్దాలు పెట్టుకోమని మొత్తుకునేది. గురి తప్పనివాడికి అద్దాలెందుకే అనేవాణ్ణి." నవ్వాడు. "పదకొండో ఏడు ఒక మేకు తిరిగొచ్చింది. గురి నాది, మేకుది కాదుగా."

అమ్మ కాఫీ తెచ్చి ఆయన వేళ్ళు కప్పు చుట్టూ పెట్టింది.

అక్టోబరు 11, శనివారం

రైలన్ ఫిల్ము తీసుకోవడానికి వచ్చాడు. నేను చేసింది మంచి పని కాదు. బల్ల మీద నిమ్మరసం సీసా, ఖాళీ గ్లాసు పెట్టి, పోసుకోమని వంటింట్లోకి వెళ్ళి తలుపు సందులోంచి చూశాను.

ఆనించి పోశాడు.

నేను బయటికి వచ్చేసరికి నా ముఖంలో ఏం కనిపించిందో, గ్లాసు కింద పెట్టేశాడు. "మిస్ నేతా, మీరు ఫిల్ము ఆపరంట కదా. కోచ్ తిడుతుంటాడు. ఏం చూశారు?"

"నీళ్ళ సీసా."

తర్వాత తనే చెప్పాడు. జూన్‌లో మిల్లులో లారీ మీద పత్తికి పట్టా బిగిస్తుంటే పట్టీ తెగి కొక్కెం వచ్చి కొట్టింది. వాపు తగ్గింది, చూపు రాలేదు. వాళ్ళమ్మ మారిసెలా ఆ మిల్లులోనే తూకం దగ్గర పనిచేస్తుంది. ఆమెకి నయమైందని చెప్పాడు. ఎండాకాలమంతా రోజూ మూడొందల బంతులు విసిరాడు. చుయ్ ఒక్కడే పట్టుకునేవాడు. చుయ్ ఒక్కడికే తెలుసు.

"మరి స్కూల్లో కంటి పరీక్ష?"

నవ్వాడు, పిల్లవాడిలా. "ఎడమ చేత్తో ఎడమ కన్ను మూశాను. చదివాను. రెండోది మూయమన్నారు. కుడిచెయ్యి మార్చి మళ్ళీ ఎడమ కన్నే మూశాను. నర్సమ్మ అక్షరాల వైపే చూస్తోంది. రెండూ ఫస్ట్ క్లాస్ అంది."

నాకూ నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో.

"చెప్పకండి మిస్ నేతా. మా అమ్మకి అసలు చెప్పకండి. నాకు బంతి తప్ప ఇంకేం రాదు."

"రెండో కంటికి ఏమన్నా అయితే?"

"ఏం కాదు," అన్నాడు. మా నాన్న గొంతు అచ్చం అలాగే ఉండేది.

అక్టోబరు 12

ఇది నా విషయం కాదు. ఒకరు నమ్మి చెప్పింది ఇంకొకరికి చెప్పడం పాపం.

అక్టోబరు 25, శనివారం

జెంట్రీకి పంపడానికి ఫిల్ము కత్తిరించాను. ఈసారి ఈల దగ్గర సరిగ్గా కోశాను. ఒక్క నీళ్ళ సీసా లేదు, చుయ్ లేడు. ఆట తర్వాత ఆట, మెడ తిప్పడం, బంతి వెళ్ళడం.

"ఇదీ పనంటే!" అని కోల్బీ నా నుదుటి మీద ముద్దు పెట్టాడు.

ఎవరి కోసమూ కాదు, చూసేవాళ్ళకి టైము కలిసొస్తుందని కత్తిరించాను.

నవంబరు 14, శుక్రవారం

ఓడిపోయాం. ఈ ఏటికి ఆటలు అయిపోయాయి. ఇవాళ ఇంకేమీ రాయలేను.

నవంబరు 15

రాస్తాను.

చివరి పావుభాగంలో అవతలి జట్టు పొడుగు కుర్రాడొకడు ఎడమవైపు నుంచి వచ్చాడు. పైనుంచి నాకు మొదట్నుంచీ కనిపిస్తున్నాడు, ముప్పై అడుగులు, ఇరవై, పది. రైలన్ తల అటు తిరగలేదు. కెమెరా పట్టుకుని నేను అరిచాను. అంత పైనుంచి ఎవరికి వినిపిస్తుంది? గుద్దుకుని పడ్డప్పుడు ఎవరిదో చెయ్యి రైలన్ హెల్మెట్ కడ్డీల్లోంచి లోపలికి వెళ్ళింది.

కుడి కన్ను వాచి మూసుకుపోయింది.

ఈల పడింది. నేను ఆపలేదు. చుయ్ వాడి చేతిని తన భుజం మీద వేసుకుని నడిపించాడు. చూసేవాళ్ళకి స్నేహితులు ఓదార్చుకుంటున్నట్టు ఉంది. జనం లేచి చప్పట్లు కొట్టారు. కార్ల దగ్గర రైలన్ తన కారు తలుపు పిడి కోసం రెండు చేతులతో తడుముతున్నాడు. మారిసెలా అవతలివైపు నుంచి, "ఏంటి నాన్నా, తాళాలు పారేసుకున్నావా?" అంది. చుయ్ తలుపు తీశాడు. "ఓడిన బాధలో ఉన్నాడాంటీ, నేను తోల్తాను," అన్నాడు.

పొద్దుటికి వాపు తగ్గి కన్ను తెరుచుకుందట. చుయ్ వచ్చి చెప్పిపోయాడు.

నేను కోల్బీకి చెప్పేశాను. అన్నీ చెప్పాను.

తను కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పుతూనే ఉన్నాడు, విప్పేశాక కూడా. తర్వాత, "నువ్వు నాకేం చెప్పలేదు. నేనేం వినలేదు," అన్నాడు.

"కోల్బీ..."

"విను. ఇప్పుడు చెప్తే వాడికేం మిగుల్తుంది? మిల్లులో పట్టాలు బిగించడం. సంతకం అయ్యాక బయటపడితే ఆడనివ్వకపోయినా చదువు చెప్పిస్తారు, అదొక మర్యాద ఉంది వాళ్ళకి. డిసెంబరు మూడు దాకా నోరు మూసుకోవడమే వాడికి మనం చేసే మేలు. ఇంక ఆటలు కూడా లేవు. ఎవడొచ్చి కొడతాడు?"

ఆ మాట న్యాయంగానే ఉంది. రాత్రంతా అది న్యాయంగానే ఉంది.

నవంబరు 18

రైలన్ బజారులో కనిపించాడు. సంతకం అయ్యాక నిజం చెప్పేస్తావా అని అడిగాను.

"ఎందుకు చెప్తాను? వాళ్ళ డాక్టరు ముందు కూడా చెయ్యి మారుస్తాను," అన్నాడు. "అక్కడ ఎడమవైపు కాపు కాసేవాళ్ళు ఒక్కొక్కడు మూడొందల పౌండ్ల బరువుంటాడు మిస్ నేతా. ఈగ కూడా రాదు."

నవంబరు 26

డిసెంబరు ఒకటిన జెంట్రీ వస్తున్నాడు. భోజనం మా ఇంట్లో. మారిసెలా వాళ్ళది చక్రాల ఇల్లు, నలుగురు కూర్చుంటే మోకాళ్ళు తగుల్తాయని ఆమె సిగ్గుపడింది.

కోల్బీ పాత బిల్లు వెనక బల్ల బొమ్మ గీశాడు, ఆట ఎత్తుగడ గీసినట్టే, గుండ్రాలూ గీతలూ. బల్ల చివర కోల్బీ. ఒక పక్క గోడవైపు రైలన్, వాడి కుడిపక్క వాళ్ళమ్మ. ఎడమపక్క నేను. నాకు ఎడమపక్క, బల్ల రెండో చివర, జెంట్రీ. "అటునుంచి వచ్చే ప్రతి గిన్నే నువ్వందుకుని వాడి కుడిచేతిలో పెట్టాలి. ఆ రోజు ఎడమవైపు కాపు నువ్వే."

నవ్వాడు. నేనూ నవ్వాను.

పెద్ద ఊరు గురించి ఎక్కువగా ఆలోచిస్తున్నాను. అక్కడ కోచ్‌ల భార్యలు కలిసి టీ తాగుతారట. ఏం మాట్లాడతారో. నాకు వెళ్ళాలని లేదు. ఇది ఇక్కడ రాసుకోవచ్చు, ఎవరూ చూడరు.

డిసెంబరు 1, సోమవారం

మధ్యాహ్నం నుంచి వండాను. వేయించిన మాంసం, ఆలుగడ్డ ముద్ద, గ్రేవీ, బీన్సు, అమ్మ చేసే రెండంతస్తుల రొట్టెలు. తెల్లగుడ్డ పరిచాను.

జెంట్రీ టోపీ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. నేను భయపడ్డంత పెద్దగా లేడు, ఎవరింటి తాతో అన్నట్టున్నాడు. మారిసెలా ఇస్త్రీ మడతలు పోని కొత్త గౌను వేసుకుంది. రైలన్ జుట్టు నీళ్ళతో అణిచి దువ్వుకున్నాడు. కుడి కన్ను కింద పసుపురంగు మచ్చ ఉంది.

అందరూ బొమ్మలో గీసినట్టే కూర్చున్నారు. నేను బాగా చేశాను. ఆలుగడ్డలు వచ్చాయి, అందుకుని కుడిచేతిలో పెట్టాను. బీన్సు వచ్చాయి, పెట్టాను. రొట్టెల బుట్ట వచ్చింది, పెట్టాను. కోల్బీ నా వైపు చూసి కనురెప్ప ఆడించాడు. రైలన్ నాతో ఏదన్నా అనాల్సి వస్తే ముఖమంతా నా వైపు తిప్పుతున్నాడు. జెంట్రీకి అదీ నచ్చింది. "చూశావా కోచ్, ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు ముఖంలోకి చూస్తాడు. ఈ కాలం పిల్లల్లో ఏదీ ఆ మర్యాద?" అన్నాడు. మారిసెలా కళ్ళు తడయ్యాయి.

తర్వాత ఆయన ముళ్ళచెంచా పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నానమ్మా. కోచ్‌లు చెప్పేది నమ్మను. కోచ్‌లకి అందరూ బంగారు కొండలే. నేను బడికెళ్తే వంటింటి ఆడవాళ్ళని అడుగుతాను, నేల తుడిచేవాణ్ణి అడుగుతాను. మీరు ఏడాదంతా పైనుంచి వీణ్ణే చూశారట. చెప్పండి. తీసుకెళ్ళమంటారా?"

ఎవరూ నమలడం లేదు. కోల్బీ నవ్వు ముఖం మీద అలాగే ఆగి ఉంది. రైలన్ తల తిప్పి, కుడి కంటితో నన్ను చూస్తున్నాడు. ఆ కంట్లో నేను, వెనక దీపం, చిన్నగా, పూర్తిగా ఉన్నాం.

"తల బాగా తిప్పుతాడు," అన్నాను.

అందరూ గట్టిగా నవ్వారు. "అదే నేనూ అన్నాను!" అని జెంట్రీ బల్ల చరిచాడు. "విన్నావా కోచ్? మీ ఆవిడకి కూడా ఉద్యోగం ఇస్తాను!" కోల్బీ ఊపిరి వదలడం నాకు వినిపించింది. రైలన్ అటు తిరిగి కోల్బీతో ఏదో ఆట గురించి మొదలుపెట్టాడు.

వెన్న తేవాలని లేచాను.

వంటింటి గుమ్మం దగ్గర ఆగాను. జెంట్రీ గ్రేవీ గిన్నె ఎత్తి నా కుర్చీ మీదుగా చాపాడు. "ఇదిగో బాబూ," అన్నాడు మెల్లగా. రైలన్ కోల్బీ వైపు తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు. గిన్నె వాడి ఎడమ చెవికి జానెడు దూరంలో ఉంది. కోల్బీ చూశాడు. జెంట్రీ గిన్నె ఇంకొంచెం ముందుకు చాపాడు, చెంపకి దాదాపు తగిలేలా. ఆ చెయ్యి వణకలేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని చూస్తున్న కళ్ళు అవి. నవ్వు వాటిలోంచి ముందు పోయింది, ముఖంలోంచి తర్వాత పోయింది.

"నాన్నా, గిన్నె," అంది మారిసెలా.

రైలన్ చటుక్కున తిరిగాడు. మోచెయ్యి తగిలి గ్రేవీ అంతా తెల్లగుడ్డ మీద పడింది. "సారీ సార్, సారీ..."

"పర్లేదు. కోచ్ వైపే చూస్తూ ఉండు. తల తిప్పకు." జెంట్రీ వాడి ఎడమవైపు రెండు వేళ్ళు ఎత్తాడు. "ఎన్ని?"

"రెండు," అన్నాడు రైలన్ వెంటనే. కానీ తల కొంచెం తిరిగింది. అందరం చూశాం.

గ్రేవీ బల్ల అంచు నుంచి నేల మీదికి చుక్కలుగా పడుతోంది. అప్పుడు మారిసెలా కుర్చీలోంచి లేచి, కొడుకు వెనక నిలబడి, అరచేత్తో వాడి కుడి కన్ను మూసింది. జ్వరం చూసినట్టు మెత్తగా మూసింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా."

గోడగడియారం కొట్టుకుంటోంది.

"మూడు," అన్నాడు చివరికి.

జెంట్రీ చెయ్యి అప్పటికే దించేశాడు.

డిసెంబరు 2

"ఎందుకు లేచావు?" అని కోల్బీ అడిగాడు.

వెన్న కోసమన్నాను.

"ఒక్క రెండు రోజులు! ఒక్క కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోలేకపోయావు!" అన్నాడు. తర్వాత గ్యారేజీలోకి వెళ్ళి కూర్చున్నాడు. అన్నం అక్కడికే పట్టుకెళ్ళాను. తినలేదు.

మారిసెలా ఫోను చేసి అదే అడిగింది. వెన్న కోసమన్నాను. ఆమె ఫోను పెట్టెయ్యలేదు. ఆమె ఊపిరి వింటూ నిలబడ్డాను.

డిసెంబరు 3, బుధవారం

స్కూల్లో సంతకాల రోజు. బల్ల వేశారట, కాలేజీ టోపీ కూడా తెచ్చి పెట్టారట. తర్వాత బల్ల తీసేశారట.

డిసెంబరు 9

పెద్ద డాక్టరు చూశాడు. ఎడమది రాదు. కుడిది బాగానే ఉంది, పొరకి చిన్న గీత పడింది, ఇంకో దెబ్బ తగిలి ఉంటే చెప్పలేమన్నాడట. చుయ్ చెప్పాడు. ఆడకూడదన్నాడట. ఉన్న కంటికి కాపుగా జీవితాంతం అద్దాలు పెట్టుకోవాలట. కాలేజీ నుంచి మళ్ళీ ఫోను రాలేదు.

డిసెంబరు 14, ఆదివారం

రైలన్ వచ్చాడు. కోల్బీ లేడు. దళసరి అద్దాలు, మిల్లు వాళ్ళ జాకెట్టు. బ్యాటరీ ఒకటి వాడి బ్యాగులో ఉండిపోయిందట, తెచ్చిచ్చాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మిస్ నేతా, ఆ రోజు వెన్న దొరికిందా?"

"దొరికింది."

"మంచిది." తలుపు దాకా వెళ్ళి మెడ మొత్తం తిప్పి చూశాడు. "నేను మీ మీద కోపంగా ఉన్నాను. చాలా రోజులుంటాను. మీకు తెలియాలని చెప్తున్నా."

ఉండమన్నాను. వాడు మెట్లు దిగాడు, ఒక్కొక్క మెట్టూ కాలితో వెతుక్కుని. కారు తలుపు తనే తీసుకున్నాడు.

కోల్బీ ఇంకా ముభావంగానే ఉన్నాడు. వచ్చే ఏడూ ఇక్కడే. ఆ పెద్ద ఊరికి ఇక వెళ్ళక్కర్లేదు. ఆ మాట తలుచుకుంటే నాకు హాయిగా ఉంది, ఆ హాయికి భయం వేస్తోంది. నేను లేచింది ఎవరి కోసమో దేవుడు అడిగితే ఏం చెప్పాలో ఇంకా కుదరలేదు. అందరికీ చెప్పిందే ఆయనకీ చెప్పలేను.

ఆ రోజు వెన్న బల్ల మీదే ఉంది. వాళ్ళు రాకముందే నేనే పెట్టాను, నా పళ్ళెం పక్కనే, నీలం గిన్నెలో.